రేకపల్లి ఓటు ఏ సభకు? భద్రాచలం నియోజకవర్గం, మారిన హద్దులు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం ఒక్క నియోజకవర్గం గురించే మాట్లాడతాను. అది భద్రాచలం శాసనసభ స్థానం. షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు అయినది. 2023 ఎన్నికల నాటికి ఇక్కడ దాదాపు 1.48 లక్షల మంది ఓటర్లున్నారు. తెలంగాణలోని 119 నియోజకవర్గాల్లో ఇంతకన్నా తక్కువ ఓటర్లున్నది ఇంకొకటి లేదు. అదే ఎన్నికలో హైదరాబాద్ అంచున ఉన్న శేరిలింగంపల్లి ఓటర్లు ఏడు లక్షలు దాటారు. ఇద్దరు సభ్యులూ ఒకే సభలో కూర్చుంటారు, ఒక్కొక్క ఓటే వేస్తారు.

ఈ అంకెలు చూసి భద్రాచలం వారికి అదనపు విలువ దక్కుతోందని కొందరు అంటారు. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలుసు, కానీ ఒప్పుకోలేను. ఈ నియోజకవర్గం ఇంత చిన్నదిగా ఏర్పడలేదు. ఎన్నికలు జరిగి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే, ఓటు వేసినవారిలో పెద్ద భాగాన్ని పక్క రాష్ట్రానికి పంపించారు. అందుకే చిన్నదయింది. అలా వెళ్ళినవారిని ఎవరూ అడగలేదు. నా ప్రసంగానికి మూలం ఇదే. హద్దులు మార్చవద్దని నేను అనను. మార్చేటప్పుడు ఆ హద్దు లోపల బతుకుతున్న మనుషుల్ని కూర్చోబెట్టి వినాలని అంటాను. వినే పద్ధతి మన చట్టంలోనే ఉంది. ఆ పద్ధతి 2014లో ఇక్కడ పనిచేయలేదు. మళ్ళీ గీతలు గీసే కాలం దగ్గరపడింది కనుక ఇప్పుడే మాట్లాడుకోవాలి.

కొంత వెనక్కి వెళదాం. ఈ ప్రాంతపు హద్దుల చరిత్ర 2014తో మొదలు కాలేదు.

భద్రాచలం గోదావరికి ఎడమ గట్టున ఉంది. 1860 వరకు రెండు గట్లూ నిజాం ఏలుబడిలోనే ఉండేవి. ఆ ఏడాది ఒప్పందంతో ఎడమ గట్టు తాలూకాలు బ్రిటిష్ వారి చేతికి వచ్చాయి. అప్పుడే నది రాజ్యాల మధ్య హద్దు అయింది. కొత్తగా వచ్చిన నేలను సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లాగా చేసి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, అంటే నాగపూర్ పాలనలో పెట్టారు. 1874లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను అక్కడి నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు ఇచ్చారు. నూగూరు, ఆల్బాక, చర్ల మాత్రం సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనే ఉండి, 1909లో మద్రాసుకు వచ్చాయి.

రేకపల్లి దగ్గర ఒక నిమిషం ఆగుతాను. ఇప్పుడది వి.ఆర్.పురం మండలంలో ఉంది. 1879లో రంప తిరుగుబాటు చెలరేగినప్పుడు అది రేకపల్లి దాకా పాకింది. రంపలో మున్సబుదారు అనే జమీందారు దౌర్జన్యం, కల్లు మీద పన్ను కారణాలయ్యాయి. రేకపల్లి వారి బాధ వేరు. నాగపూర్ పాలనలో గొడ్డలికి ఇంత అని నామమాత్రపు రుసుము కట్టి పోడు కొట్టుకునేవారు. మద్రాసు పాలనలోకి రాగానే పోడు మీద భారం దాదాపు మూడింతలయింది. కొన్ని అడవుల్లోకి అసలు అడుగే పెట్టవద్దన్నారు. ఆ ఊళ్ళవారు ఎక్కడికీ కదలలేదు. వారి మీద ఉన్న కచేరీ, అంటే సర్కారు కార్యాలయం, మారింది, కచేరీతో పాటు నిబంధన మారింది. హద్దు మారడం కాగితం మీది వ్యవహారమేనని ఎవరైనా తేలికగా అంటే, 1879 రేకపల్లిని గుర్తు చేయాలి. అప్పుడు వారికి ఓటు లేదు. చెప్పుకోవడానికి సభా లేదు, సభ్యుడూ లేడు.

ఓటు వచ్చాక ఏం జరిగింది? 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఈ తాలూకాల వారు మద్రాసు శాసనసభకు ఓటు వేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1955లో ఆ రాష్ట్ర శాసనసభకు వేశారు. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలో మాత్రమే జరిగాయి, ఆంధ్ర ప్రాంతం నుంచి 1955లో గెలిచినవారు కొత్త సభలో కొనసాగారు. కాబట్టి నదికి కుడి గట్టున ఉన్న బూర్గంపాడు వారు 1957లో పోలింగ్ కేంద్రానికి వెళ్ళారు, ఎడమ గట్టున ఉన్న భద్రాచలం వారు 1962 వరకు ఆగారు. రాష్ట్రం ఒకటే, ఎన్నికల క్యాలెండర్లు రెండు.

ఈ లోపే 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి జిల్లా నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. ఖమ్మం అప్పటికి కొత్త జిల్లా, 1953లో వరంగల్ నుంచి విడివడింది. ఆ మార్పులో పరిపాలనా సౌకర్యం నిజంగానే ఉంది. కాకినాడలో కలెక్టరును కలవాలంటే పాపికొండల మధ్యగా లాంచీలో రాజమండ్రి దాకా దిగి, అక్కడి నుంచి మళ్ళీ ప్రయాణం చేయాలి. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన పూర్తయ్యాక అవతలి గట్టు ఇంకా దగ్గరయింది. బడి, ఆసుపత్రి, సంత, ఉద్యోగం, పెళ్ళి సంబంధం అన్నీ ఖమ్మం, కొత్తగూడెం వైపు తిరిగాయి. రెండు తరాల వారు తమది ఖమ్మం జిల్లా అనే పెరిగారు. 2014లో 'మీరు 1956కు ముందు ఆంధ్ర వారే కదా' అని వాదించినవారు ఆ రెండు తరాల బతుకును లెక్కలోకి తీసుకోలేదు. చరిత్రను ఎక్కడి నుంచి మొదలుపెడతామన్నదాన్ని బట్టే వాదం నిలబడుతుందంటే, అది ప్రజల గురించిన వాదం కాదు. 1859 నుంచి మొదలుపెట్టినవాడు ఇదంతా హైదరాబాద్‌దే అనగలడు, 1870 నుంచి మొదలుపెట్టినవాడు నాగపూర్‌దే అనగలడు.

ఇక నియోజకవర్గాల పునర్విభజన సంగతి. జనాభా లెక్కల తర్వాత గీతలు సరిచేయాలని రాజ్యాంగం చెబుతోంది. 1976లో 42వ సవరణ సీట్ల సంఖ్యను 2000 తర్వాతి తొలి లెక్కల దాకా ఆపింది. ఆ గడువు తీరే సమయానికి 84వ సవరణ దాన్ని 2026 తర్వాతి తొలి జనాభా లెక్కల దాకా పొడిగించింది. అయితే సీట్ల సంఖ్య మార్చకుండా లోపలి హద్దులు మాత్రం సరిచేసుకోవచ్చన్నారు. 2003లో వచ్చిన 87వ సవరణతో అందుకు 2001 లెక్కలు ఆధారమయ్యాయి. ఆ పని చేసినది జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన డీలిమిటేషన్ కమిషన్. దాని గీతలు 2008 నుంచి అమలులోకి వచ్చాయి, మన దగ్గర 2009 ఎన్నికలు వాటి మీదే జరిగాయి.

ఆ కమిషన్ పనిలో మంచీ ఉంది, నష్టమూ ఉంది. బూర్గంపాడు నియోజకవర్గం రద్దయి పినపాక వచ్చింది. భద్రాచలం పేరుతో ఉన్న లోక్‌సభ స్థానం పోయింది, భద్రాచలం శాసనసభ స్థానం మహబూబాబాద్ లోక్‌సభ పరిధిలోకి వెళ్ళింది. శాసనసభ స్థానానికి మాత్రం కమిషన్ ఒక అర్థవంతమైన రూపం ఇచ్చింది. వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు అనే ఎనిమిది మండలాలు అందులో ఉన్నాయి. పటం తెరిచి చూడండి. పైన వాజేడు నుంచి కింద కూనవరం దగ్గర శబరి వచ్చి కలిసే చోటు దాకా, ఆనాటి ఖమ్మం జిల్లాలోని గోదావరి ఎడమ గట్టు మొత్తం ఒకే నియోజకవర్గం. అటు ఛత్తీస్‌గఢ్ అడవి, ఇటు నది, మధ్యలో కోయలు, కొండరెడ్లు. ఒకే రోడ్డు, ఒకే వరద, ఒకే పోడు తగాదా. సభ్యుడికి ఒక చివర విన్న సమస్య ఇంకో చివరా వినబడుతుంది. నియోజకవర్గం ఎలా ఉండాలని నన్ను విద్యార్థులు అడిగినప్పుడు నేను ఈ పటమే చూపేవాణ్ణి.

ఆ పటం ఒక్క శాసనసభ కాలం మాత్రమే పూర్తిగా నిలిచింది. రెండో ఎన్నిక 2014 ఏప్రిల్ 30న జరిగింది. ఎనిమిది మండలాల వారూ ఓటు వేశారు. సీపీఎం తరఫున సున్నం రాజయ్య గెలిచారు. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడాల్సి ఉండగా, మే 29న ఆర్డినెన్స్ వచ్చింది.

దీన్ని వరుసగా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది దీన్ని ఒకే నిర్ణయం అనుకుంటారు. 2014 మార్చి 1న రాజపత్రంలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ముంపు నేల ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలన్న ఆలోచనతో, 2005 జూన్ 27 నాటి నీటిపారుదల శాఖ జీవో 111లో ఉన్న రెవెన్యూ గ్రామాలను ఖమ్మం నుంచి మినహాయించింది. మునిగే ఊరు ఒక రాష్ట్రం, దాని పక్కన గట్టు మీద మునగని ఊరు ఇంకో రాష్ట్రం అయ్యే ఏర్పాటు అది. మండలమంతా చిల్లులు పడిన పటం అయ్యేది. దానికి దిద్దుబాటుగా వచ్చిన ఆర్డినెన్సు, జూలైలో పార్లమెంటు ఆమోదించిన సవరణ ఊళ్ళ బదులు మండలాలను లెక్కలోకి తీసుకున్నాయి. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగానూ, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళూ, భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప భద్రాచలం మండలమంతా ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. వీటినే ఆ తర్వాత అందరూ 'విలీన మండలాలు' అన్నారు. అక్కడివారు ఇప్పటికీ 'ముంపు మండలాలు' అనే అంటారు.

రాష్ట్ర హద్దు మార్చే బిల్లు మీద సంబంధిత శాసనసభ అభిప్రాయం తీసుకోవాలని రాజ్యాంగం మూడో అధికరణం చెబుతుంది. ఆ పద్ధతి పాటించలేదని తెలంగాణ సభ్యులు లోక్‌సభలో అభ్యంతరం చెప్పారు, తెలంగాణలో బంద్ జరిగింది. ప్రాజెక్టు కట్టాలంటే ముంపు ప్రాంతం ఒకే ప్రభుత్వం చేతిలో ఉండాలన్నది ఆంధ్రప్రదేశ్ వాదన. పరిహారం, పునరావాసం రెండు రాష్ట్రాల మధ్య నలగకూడదన్న మాటలో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను. నా ఫిర్యాదు అది కాదు. ఇది ఆదివాసీల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఐదో షెడ్యూల్ ప్రాంతం. ఇక్కడ భూసేకరణకు ముందు గ్రామసభతో సంప్రదించాలని ఇలాంటి ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం అంటుంది. భూమి తీసుకోవాలంటే సంప్రదించాల్సిన మనుషుల్ని, రాష్ట్రమే మార్చేటప్పుడు సంప్రదించనవసరం లేదా? హైదరాబాద్, ఢిల్లీ, ఆ తర్వాత విజయవాడ, ఈ మూడు చోట్లా చర్చ జరిగింది. చింతూరులో జరగలేదు.

ఇప్పుడు ఓటు సంగతి చూడండి. రాష్ట్రం మారింది, నియోజకవర్గం వెంటనే మారలేదు. విలీన మండలాల ప్రజలు ఎన్నుకున్న సభ్యుడు తెలంగాణ శాసనసభలో కూర్చున్నారు. వారిని పాలించే ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌ది. వారి రేషన్, పింఛను, పునరావాస ప్యాకేజీ, బడి, పోలీసు స్టేషన్ అన్నీ ఏ సభకు జవాబు చెబుతాయో, ఆ సభలో వారు ఓటు వేసి పంపిన మనిషి లేడు. రంపచోడవరం, పోలవరం సభ్యులు వారికి సభ్యులుగా వ్యవహరించారు, కానీ ఆ సభ్యుల ఎన్నికలో వీరి ఓటు లేదు. 2018లో తెలంగాణ శాసనసభ ముందుగా రద్దయి ఎన్నికలు వచ్చినప్పుడుగానీ చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఏటపాక (భద్రాచలం మండలం నుంచి వెళ్ళిన ఊళ్ళ మండలం) మండలాలను రంపచోడవరంలోనూ, కుక్కునూరు, వేలేరుపాడులను పోలవరంలోనూ చేర్చే పని తేలలేదు. అది కోర్టుల దాకా వెళ్ళింది. వారు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటిసారి ఓటు వేసింది 2019లో. పోలవరం పరిహారం లెక్కలు, ఏ ఎత్తు దాకా నేల మునుగుతుందో చెప్పే కాంటూరు హద్దులు, కాలనీల స్థలాలు నిర్ణయమవుతున్న ఏళ్ళవి. 41.15 మీటర్ల కాంటూరు లోపల ఎవరు, 45.72 మీటర్ల కాంటూరు లోపల ఎవరు అని తేల్చే కాలంలో, మునిగే వారికి తమ రాష్ట్రపు సభలో సొంత ప్రతినిధి లేకుండా ఐదేళ్ళు గడిచాయి. ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా పెద్ద లోటు ఉంటుందని నేను అనుకోను.

భద్రాచలం స్థానం నుంచి గెలిచినవారిని చూడండి. 1985, 1989, 1994లో కుంజా బొజ్జి. 1999, 2004, 2014లో సున్నం రాజయ్య. ఇద్దరూ సీపీఎం వారే, ఇద్దరి మూలాలూ వి.ఆర్.పురం మండలంలోనే. ఇద్దరూ ఆడంబరం ఎరగని మనుషులు. రాజయ్య శాసనసభ్యుడై ఉండి బస్సులో, ఆటోలో తిరిగేవారని రాష్ట్రమంతా తెలుసు. పాతికేళ్ళకు పైగా ఈ నియోజకవర్గానికి గొంతు ఇచ్చిన మండలం ఇప్పుడు ఈ నియోజకవర్గంలో లేదు, ఈ రాష్ట్రంలోనే లేదు. రాజయ్య 2014 నుంచి 2018 దాకా తెలంగాణ శాసనసభ్యుడు, ఆయన సొంత ఊరు సున్నంవారిగూడెం ఆంధ్రప్రదేశ్‌లో. 2019లో ఆయన రంపచోడవరం నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పోటీ చేసి ఓడిపోయారు. తన ఊరివారికి ఏ సభలో మాట్లాడాల్సిన అవసరం ఉందో ఆ సభ తలుపు తట్టారు. 2020 ఆగస్టులో కరోనా ఆయన్ని తీసుకుపోయింది. 2021లో బొజ్జి కూడా వెళ్ళిపోయారు. ఏ పార్టీ వారైనా సరే, ఈ ఇద్దరి పేర్లు గౌరవంగా చెప్పుకుంటారు.

సీపీఎం ఆ తర్వాత ఇక్కడ గెలవలేదు. 2018లో కాంగ్రెస్ నుంచి పొదెం వీరయ్య, 2023లో బీఆర్ఎస్ నుంచి తెల్లం వెంకట్రావు గెలిచారు. ఓటమికి హద్దుల మార్పు ఒక్కటే కారణమని చెప్పడం తొందరపాటు, ఆ పార్టీ బలం రాష్ట్రమంతా తగ్గింది. కానీ ఒక ప్రాంతంలో దశాబ్దాలుగా అల్లుకున్న రాజకీయ జీవితాన్ని, సంఘాలను, కార్యకర్తలను, నమ్మకాలను ఒక గీత రెండు ముక్కలు చేస్తే రెండు చోట్లా బలహీనత వస్తుంది. ఏ పార్టీ బలమున్న చోట గీసినా ఇదే జరుగుతుంది.

మిగిలిన నియోజకవర్గం రూపం చూద్దాం. భద్రాచలం పట్నం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు. పట్నానికి ఒక వైపు గోదావరి, మిగతా వైపులా ఆంధ్రప్రదేశ్‌లోని ఏటపాక మండలం. పట్నం నుంచి పర్ణశాలకు, దుమ్ముగూడేనికి, చర్లకు వెళ్ళే రోడ్డు ఏటపాక మీదుగా వెళుతుంది. అంటే ఈ నియోజకవర్గపు సభ్యుడు తన ఓటర్లను కలవడానికి ఇంకో రాష్ట్రం దాటి వెళ్ళాలి. రామాలయం తెలంగాణలో ఉంది, ఆ దేవుడికి చెందిన దాదాపు 890 ఎకరాల భూమి పురుషోత్తపట్నంలో, ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఆక్రమణ జరిగితే ఆలయ అధికారులు వేరే రాష్ట్రం రెవెన్యూ కార్యాలయానికి వెళ్ళాలి. పట్నం చెత్త వేసుకోవడానికి స్థలం లేదు, పెరగడానికి నేల లేదు. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూసినప్పుడు, కరకట్ట ఎక్కడి దాకా పొడిగించాలన్న ప్రశ్న కూడా రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోయింది. ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తిరిగి ఇవ్వాలన్న కోరిక అప్పుడే మళ్ళీ గట్టిగా వినబడింది. ఆ ఐదు ఊళ్ళ నుంచి చూస్తే భద్రాచలం ఆసుపత్రి, కళాశాల, బజారు కూతవేటు దూరం. వారి నియోజకవర్గ కేంద్రం రంపచోడవరం మాత్రం మారేడుమిల్లి ఘాట్ అవతల.

జిల్లాలు మారిన తీరు ఇంకొక పొర. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు పునర్విభజించినప్పుడు భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చాయి. వాజేడు, వెంకటాపురం జయశంకర్ భూపాలపల్లిలోకి వెళ్ళి, 2019లో ములుగు జిల్లాలోకి మారాయి. ఒకే సభ్యుడు, ఇద్దరు కలెక్టర్లు. అటువైపు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు కేంద్రంగా ఏర్పడింది. చింతూరు వారు జిల్లా కేంద్రానికి వెళ్ళాలంటే రోజంతా ప్రయాణమయ్యేది. 2025 చివరలో రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా చేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నిర్ణయాన్ని నేను మనసారా ఆహ్వానిస్తున్నాను, దూరం కొంతైనా తగ్గుతుంది. రంపచోడవరం శాసనసభ స్థానం అరకు లోక్‌సభలో భాగం. అరకు స్థానం పాలకొండ, కురుపాం నుంచి మొదలై ఏటపాక దాకా సాగుతుంది. ఒడిశా సరిహద్దు వెంట మొదలై తెలంగాణ సరిహద్దులో ముగిసే ఆ స్థానంలో ఒక పార్లమెంటు సభ్యుడు ఒక చివర నుంచి ఇంకో చివరకు ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్ళగలరు?

ఇప్పుడు రాబోయే పని గురించి. జనాభా లెక్కలకు 2027 మార్చి 1 ఆధార తేదీ. 2026 తర్వాతి తొలి లెక్కలు ఇవే కనుక, సీట్ల సంఖ్య మీద ఉన్న నిలుపుదల గడువు వీటితో తీరుతుంది. పునర్విభజన చట్టంలోని 26వ సెక్షన్ తెలంగాణకు 153, ఆంధ్రప్రదేశ్‌కు 225 స్థానాలు అని రాసి పెట్టింది. దాన్ని వెంటనే అమలు చేయాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జూలైలో తోసిపుచ్చింది. కొత్త విభజన ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందో పార్లమెంటు తేల్చాలి. ఎలా వచ్చినా తెలంగాణలో అతి తక్కువ ఓటర్లున్న స్థానం గీసేవారి కంట మొదట పడుతుంది. వాజేడు, వెంకటాపురాలను జిల్లా హద్దు పేరుతో ములుగుకు పంపి, మిగిలిన మూడింటినీ గోదావరి అవతల బూర్గంపాడుతోనో మణుగూరుతోనో కలపవచ్చు. అది తప్పని నేను ముందే తీర్పు చెప్పను. వాజేడు వారికి ఏటూరునాగారం వైపు గోదావరి మీద వంతెన ఉంది, భద్రాచలం దాదాపు వంద కిలోమీటర్ల దూరం. వారికి ములుగే నయం కావచ్చు. ఆ మాట వాజేడు వారు చెప్పాలి. భద్రాచలంలో కూర్చుని మనం చెప్పకూడదు.

డీలిమిటేషన్ చట్టం 2002లోని తొమ్మిదో సెక్షన్‌ను దయచేసి ఒకసారి చదవండి. నియోజకవర్గం సాధ్యమైనంత వరకు భౌగోళికంగా ఒకే ముద్దగా ఉండాలంటుంది. నదులు, కొండల వంటి నైసర్గిక స్వరూపం, పరిపాలనా హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలంటుంది. కమిషన్ ముసాయిదాను రాజపత్రంలో ప్రచురించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగ సమావేశాలు పెట్టాలి. ప్రతి రాష్ట్రం నుంచి ఐదుగురు పార్లమెంటు సభ్యులు, ఐదుగురు శాసనసభ్యులు సహ సభ్యులుగా ఉంటారు, వారికి ఓటు హక్కు లేదు. తుది ఉత్తర్వు వచ్చాక మాత్రం కోర్టులో సవాలు చేయడానికి రాజ్యాంగం 329వ అధికరణం దాదాపు దారి మూసేస్తుంది. అందుకే ముసాయిదాకూ తుది ఉత్తర్వుకూ మధ్య ఉన్న ఆ కొద్ది వారాలే మీ సమయం. 2014లో రాష్ట్ర హద్దుతో పాటు నియోజకవర్గం చీలినప్పుడు ఆ కొద్ది వారాలు కూడా ఇవ్వలేదు. ఈసారి ఇస్తారు. వాడుకోకపోతే ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

జనాభా లెక్కల గురించి ఒక మాట విడిగా చెప్పాలి. గీతలకు ఆధారం జనాభా, ఓటరు జాబితా కాదు. పోలవరం ముంపుతో ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకు వెళ్ళిన కుటుంబాలు ఎక్కడ ఉంటే అక్కడే లెక్కలోకి వస్తాయి. వేలేరుపాడులో తగ్గిన తలలు జంగారెడ్డిగూడెం వైపు పెరుగుతాయి. ఆదివాసీ కుటుంబాలు గిరిజనేతర మండలాల మధ్య కాలనీల్లో చెదిరిపోతే, వారు ఏ నియోజకవర్గంలోనూ గట్టి సంఖ్యగా మిగలరు. రిజర్వుడు స్థానం ఎక్కడ పెట్టాలన్నది షెడ్యూల్డ్ తెగల జనాభా శాతాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఇల్లు పోయిన మనిషి ఓటు బలం కూడా ఇలా పోతుంది, ఎవరూ తీసుకున్నట్టు కనబడకుండానే. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి చర్ల, చింతూరు అడవుల్లో గూడేలు వేసుకున్న గుత్తికోయల పరిస్థితి ఇంకా కష్టం. రాష్ట్రం వారిని తనవారిగా ఒప్పుకోవడానికి వెనకాడినా, జనాభా లెక్కల్లో వారు మనుషులే. లెక్కించేవారు వాగు దాటి ఆ గూడెం దాకా వెళ్ళాలి. వెళ్ళారో లేదో మీ ఊరి ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు చూడాలి.

నేను కోరేది మూడు పనులు. ఏజెన్సీలోని ప్రతి పంచాయతీ ఇప్పుడే గ్రామసభ పెట్టి, తమ ఊరు ఏ నియోజకవర్గంలో ఉండాలో, ఎందుకో తీర్మానం రాసి పెట్టుకోవాలి. అందులో ఉద్వేగం కన్నా వివరం ఎక్కువ ఉండాలి. ఆసుపత్రికి ఎంత దూరం, డిగ్రీ కళాశాల ఎక్కడ, సంత ఏ ఊళ్ళో, వానాకాలంలో ఏ వాగు పొంగి దారి తెగుతుంది, బస్సు రోజుకు ఎన్నిసార్లు వస్తుంది. తొమ్మిదో సెక్షన్ అడిగేవి ఇవే. రెండవది, రాష్ట్ర హద్దు వల్ల తెగిన ఐదు పంచాయతీల సంగతి డీలిమిటేషన్ కమిషన్ తేల్చలేదు, దానికి పార్లమెంటే దిక్కు. రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం అది. ఆ చర్చకు ముందు ఆ ఐదు ఊళ్ళ గ్రామసభల మాట రాతపూర్వకంగా తీసుకోవాలని రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాను. వారిలో అందరూ తెలంగాణే కోరతారని నేను ముందే అనుకోను. పోలవరం ప్యాకేజీ ఇంకా చేతికి రానివారు, అది చేతికి రాకుండా రాష్ట్రం మారితే ఏమవుతుందని భయపడతారు. ఆ భయం న్యాయమైనది, దానికి జవాబు చెప్పాకే మార్పు గురించి అడగాలి.

మూడవది మండల కేంద్రాల్లో ఉన్న చదువుకున్న యువతకు. ముసాయిదా తెలుగులో వస్తుందో రాదో, వచ్చినా కోయ మాట్లాడే గూడేలకు ఎవరు వివరిస్తారో ఆలోచించండి. పటం తీసుకుని వెళ్ళి నేల మీద పరిచి, ఇది మన వాగు, ఇది మన రోడ్డు, గీత ఇక్కడ పడుతోంది అని చూపించగలిగినవారు ప్రతి మండలంలో పదిమంది ఉంటే చాలు. అభ్యంతరాల సమావేశం జిల్లా కేంద్రాల్లో జరుగుతుంది కాబట్టి, దూరపు ఊళ్ళ వారికి ప్రయాణ ఖర్చు ఎవరు భరించాలో కూడా ముందే మాట్లాడుకోవాలి.

నా వంతు ఇక్కడితో ఆపుతాను. కూనవరం, చింతూరు, ఏటపాక నుంచి వచ్చినవారు వెనక వరుసల్లో ఉన్నారు. ప్రశ్నలకు వెళ్ళే ముందు వారు ముందుకు వచ్చి, 2014 తర్వాత తమ పని ఏ కార్యాలయంలో ఎలా జరుగుతోందో చెప్పాలని కోరుతున్నాను. వాజేడు నుంచి ఎవరైనా వచ్చి ఉంటే వారు కూడా.